రాజపాళయం పెళ్ళిపూలు: మాట, మూర, మాసం

కొన్నేళ్ళ క్రితం రాజపాళయంలో మా బంధువుల ఇంట పెళ్ళి జరిగింది. గుంటూరు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు పినతండ్రిగారు పూల బాధ్యత తన మీద వేసుకున్నారు. ఆయనకు తమిళం రాదు. పూల పేర్లకు తమిళం ఎందుకన్న ధీమాతో బజారులో ఒక పూలకొట్టుకు వెళ్ళి, సంపెంగలు రెండు కిలోలు కావాలని చెప్పి, బయానా ఇచ్చి వచ్చారు. మర్నాడు తెల్లవారుజామున బుట్టలు దిగాయి. మూత తీసి చూస్తే పసిమి రంగు సంపెంగ ఒక్కటీ లేదు. అన్నీ తెల్లటి, పొడవాటి గొట్టాల వంటి పూలు. ఆంధ్రదేశంలో లిల్లీ పూలంటామే, అవి. కొట్టువాడు మోసం చేశాడని ఆయన కేకలు వేశారు. సంపంగి అడిగారు, సంపంగే ఇచ్చానని కొట్టువాడు నిబ్బరంగా అన్నాడు.

ఇద్దరూ నిజమే చెప్పారు. తమిళ పూలబజారులో సంపంగి అంటే మనం నేలసంపెంగ అనే పువ్వు. మన సంపెంగను అక్కడ శెణ్బగం అంటారు. ఒకే మాట రెండు భాషల్లో రెండు చెట్ల మీద వాలింది. ఆ రోజు నష్టం పెద్దగా జరగలేదు. రెండు కిలోల సంపెంగలకయ్యే ఖర్చు ఎంతో తెలిసిన ఇంటి పెద్దావిడ మాత్రం కొట్టువాడికి మనసులో దండం పెట్టుకుందని తర్వాత విన్నాను.

ఈ సంగతి తరగతిలో నవ్వు కోసం చెబుతూ వచ్చాను. దాన్ని గురించి గంభీరంగా ఆలోచించవలసి వచ్చింది మాత్రం మన ఎం.ఎ. విద్యార్థిని ఒకరు అడిగిన ప్రశ్న వల్ల. ఆ అమ్మాయిది రాజపాళయం. అక్కకు తై మాసంలో పెళ్ళి కుదిరింది. మండపానికీ, వేదికకూ, దండలకూ, చేతిలో పట్టుకునే గుత్తులకూ కలిపి అలంకరణవారు చెప్పిన మొత్తం వాళ్ళ నాన్నగారి నాలుగు నెలల జీతం. ఆయన అప్పుకు సిద్ధపడుతున్నారు. "సార్, పూలు తగ్గిస్తే పెళ్ళి చిన్నబోతుందా? అసలు మనవాళ్ళ పద్ధతి ఏది?" అని అడిగింది.

మొదటి ప్రశ్నకు నేనెవరిని జవాబు చెప్పడానికి? రెండోది చరిత్రకు సంబంధించినది కనుక కొంత చెప్పగలను.

రాజపాళయం పడమటి కనుమల పాదాల దగ్గర, విరుదునగర్ జిల్లాలో ఉంది. 1985 దాకా అది రామనాథపురం జిల్లాలో భాగం. విజయనగర, మదురై నాయకుల కాలాల్లో దక్షిణానికి కదిలిన తెలుగు కుటుంబాల్లో రాజులు అనేకులు ఇక్కడ స్థిరపడ్డారు. ఊరి పేరులోనే వారున్నారు. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రభుత్వాధినేతగా ఉన్న పి. ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, అంగడిలో తమిళం. ఇక్కడి తెలుగు పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు కాని తెలుగు చదవలేరు. పూల పేర్లు పుస్తకాల్లో కంటే అంగడిలో బతుకుతాయి కాబట్టి తెలుగు పూల పేర్లు ముందుగా జారిపోయేది ఇటువంటి చోటనే.

ఇక్కడి నుంచి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో శ్రీవిల్లిపుత్తూరు ఉంది. తెలుగు సాహిత్యం చదివినవారికి ఆ పేరు కొత్త కాదు. 1509 నుంచి 1529 దాకా పాలించిన శ్రీకృష్ణదేవరాయలు తన తెలుగు కావ్యానికి ఈ ఊరి కథనే తీసుకున్నాడు. విష్ణుచిత్తుడు, అంటే పెరియాళ్వారు, తోట పెంచి స్వామికి మాలలు కట్టేవాడు. ఆయన పెంచిన కూతురు గోదాదేవి ఆ మాలను ముందు తాను వేసుకొని చూసుకొని, తర్వాత స్వామికి పంపేది. తమిళులు ఆమెను సూడిక్కొడుత్త నాచ్చియార్ అంటారు. ధరించి ఇచ్చిన దేవి అని అర్థం. రాయలు ఆ మాటనే సంస్కృతంలోకి మార్చి కావ్యానికి ఆముక్తమాల్యద అని పేరు పెట్టాడు. కృష్ణా తీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు ఆజ్ఞాపించాడని చెప్పుకొని రాసిన తెలుగు కావ్యానికి ఒక తమిళ పూలదండ పేరుగా నిలవడం గమనార్హం. మన సాహిత్యంలో ఇంత పేరున్న పెళ్ళిదండ మరొకటి లేదు. అది వాడిన దండ, ఒకరు వేసుకొని తీసిన దండ అన్నది మరచిపోకూడదు.

ఆ ఆనవాయితీ నేటికీ ఉంది. ఆండాళ్ ధరించిన మాల ఏటా తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు వెళ్తుంది. చిత్తిరై ఉత్సవంలో అళగర్ వైగై నదిలో దిగేటప్పుడు కూడా శ్రీవిల్లిపుత్తూరు మాలే వేసుకుంటాడు. కాని నేను విద్యార్థులను తీసుకెళ్ళినప్పుడల్లా చూడమని చెప్పేది మాలను కాదు, ఆండాళ్ చేతిలోని చిలుకను. ఆ చిలుకను రోజూ కొత్తగా చేస్తారు. పచ్చి ఆకులు, ముక్కుకు దానిమ్మపువ్వు, కట్టడానికి నార. తోటలో, పెరట్లో దొరికే సరుకే. దాన్ని చిలుకను చేసేది గంటల కొద్దీ చేసే చేతిపని.

పెళ్ళిపూల ఖర్చును అర్థం చేసుకోవడానికి ఆ చిలుక పనికివస్తుంది. పెళ్ళిదండ వెలలో పువ్వు వెల ఎంత, చేతి వెల ఎంత, ముహూర్తం వెల ఎంత అని విడదీసి చూసేవారు తక్కువ. చూడాలంటే ముందు పేర్లు తెలియాలి.

మల్లెజాతితోనే మొదలుపెడదాం. మనం బొండుమల్లె అనేదాన్ని ఇక్కడ గుండుమల్లి అంటారు. ఇందులో తికమక లేదు. గుండు అన్నా గుండ్రమే. ముల్లై అన్న మాట తెలుగు చెవికి ముల్లులా వినబడుతుంది. నిజానికి అది మన మొల్లకు తోబుట్టువు. తెలుగులో ఆ పువ్వు పేరు వాడుకలో బాగా తగ్గి, రామాయణం రాసిన కవయిత్రి పేరుగా నిలిచింది. ఇక జాజిని తమిళంలో జాదిమల్లి అనీ, పిచ్చి అనీ అంటారు. రాజపాళయం నుంచి దక్షిణంగా తిరునెల్వేలి, నాగర్‌కోయిల్ వైపు వెళ్ళే కొద్దీ పిచ్చి అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. పెళ్ళికూతురికి పిచ్చిపూలు పెట్టండని ఎవరో అంటే ఆంధ్ర నుంచి వచ్చిన వియ్యపురాలు ముఖం మాడ్చుకున్న ఉదంతాలు ఈ ప్రాంతంలో ప్రతి కుటుంబానికీ ఒకటి ఉంటుంది. అన్నీ జరిగాయని నేను నమ్మను. అయినా మంచి కథలే.

దవనాన్ని మరిక్కొళుందు అంటారు. మరువం ఇక్కడ మరు. మన గన్నేరు ఇక్కడ అరళి. కనకాంబరం రెండు భాషల్లోనూ కనకాంబరమే. గులాబి అన్న పేరు మనకు పారసీకం నుంచి వచ్చింది. తమిళులు ఐరోపా నుంచి వచ్చిన రోజాను ఉంచుకున్నారు. రాజపాళయం తెలుగువారు రోజాపువ్వు అంటారు. అందులో తప్పేమీ లేదు, రోజా అన్న మాట ఆంధ్రలోనూ ఉంది. విడిపూలను ఉదిరి అంటారు. ఈ మాట మాత్రం తప్పక నేర్చుకోండి. ఉదిరి వెల వేరు, కట్టిన పూల వెల వేరు. రెండింటికీ మధ్య ఉన్న తేడాయే చేతి వెల.

కట్టిన పూలను మూరతో అమ్ముతారు. తమిళంలో ముళం. ఈ రెండూ ఒక్క మూలం నుంచి వచ్చిన మాటలే. తమిళంలో నేటికీ నిలిచి ఉన్న ఆ ప్రత్యేక ళకారం మన ప్రాచీన శాసనాల్లో ఱ, ళలకు వేరైన లిపితో కనిపించి తర్వాత మాయమైంది. దాని స్థానంలో తెలుగులో కొన్నిచోట్ల డకారం వచ్చింది, కోళి కోడి అయినట్లు, ఏళు ఏడు అయినట్లు. కొన్నిచోట్ల రేఫ వచ్చింది, విళుంగు మ్రింగు అయినట్లు. మూర ఈ రెండో తెగలోది. అంటే మనవాళ్ళూ వాళ్ళూ మోచేతి నుంచి వేలికొస దాకా కొలవడం భాషలు వేరుపడక ముందే నేర్చుకున్నారన్నమాట. కొలిచే చెయ్యి మాత్రం పూలమ్మేవారిది. పొట్టి చేతి అమ్మ దగ్గర బేరమాడి గెలిచినా ఫలితం లేదని మా అమ్మ అనేది. కట్టు ఎంత దగ్గరగా ఉందన్నది మరో రహస్యం. పూవు పూవుకూ మధ్య వేలు దూరేంత సందు వదిలితే అరకిలో పూలతో కావలసినన్ని మూరలు వస్తాయి. దూరం నుంచి చూసేవారికి తేడా తెలియదు. జడలో పెట్టుకున్నామెకు తెలుస్తుంది.

శబ్దసామ్యం చూసి మోసపోకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. తమిళంలో మణం అంటే పరిమళం, మణం అంటే పెళ్ళి. ఇది చూసి మన మనువు అన్న మాటకూ పరిమళానికీ ముడిపెట్టిన వ్యాసాలు మన విద్యార్థులు రెండుసార్లు నాకు ఇచ్చారు. మనువు అంటే ముందు బతుకు, జీవనం. మను అనే క్రియతో దాన్ని చూడాలి. పెళ్ళి అన్న అర్థం ఆ బతుకులోంచి వచ్చింది. అందంగా ఉన్నంత మాత్రాన వ్యుత్పత్తి నిజం కాదు.

ఇప్పుడు సంప్రదాయం సంగతి. అలంకరణవారు మూడు రకాల పట్టికలు చూపిస్తారు: సంప్రదాయం, ఆధునికం, రెండూ కలిసినది. సంప్రదాయం పట్టికలో ముందుగా ఉండేవి బంతిపూలు, నేలసంపెంగలు. ఈ రెండూ మెక్సికో నుంచి వచ్చినవి. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు ఓడలు మన తీరాలకు రావడం మొదలైన తర్వాతనే ఇవి ఇక్కడి మట్టిలో మొలిచాయి. కృష్ణదేవరాయల కాలపు పెళ్ళిపందిరికి బంతిపూల తోరణం ఉండే అవకాశం లేదు. చలనచిత్రాల్లో చూపిస్తారు, చూపించుకోనివ్వండి.

కొత్త పువ్వుకు పాత మాటతో పేరు పెట్టడం భాషల అలవాటు. బంతి అంటే ఆడుకునే బంతే. తమిళులు దానికి చెండుమల్లి అని పేరుపెట్టారు. కన్నడిగులు చెండు హూవు అన్నారు. చెండు అన్నా బంతే. మూడు భాషలవారూ ఆ గుండ్రని పువ్వును చూసి ఒకే ఉపమానం ఆలోచించారు. తమిళంలో దానికే తులుక్కసామంతి అన్న మరో పేరుంది. తురకదేశపు చామంతి అని. ఎక్కడి నుంచి వచ్చిందో పొరబడ్డారు గాని బయటి నుంచి వచ్చిందన్నది మరచిపోలేదు. నేలసంపెంగ విషయంలో మన పేరు మరింత చక్కగా ఉంది. వాసన సంపెంగను తలపిస్తుంది, మొక్క చెట్టు కాదు, నేలలో దుంప. మొదట తమిళంలోనూ నిలసంపంగే. బజారు వేగంలో నిల రాలిపోయింది. గుంటూరు పెద్దమనిషి చిక్కుకున్నది ఆ రాలిన అక్షరాల్లోనే.

చెండు దగ్గర మరికాస్త ఆగాలి. పెళ్ళికూతురు చేతిలో పూలగుత్తి పట్టుకోవడం పరాయి వేషమని కొందరు పెద్దలకు అభ్యంతరం. పిల్లలకు అదే మోజు. మన పాత మాటల్లో పూచెండు ఉంది, పూబంతి ఉంది. వధూవరులు పూలచెండ్లు ఒకరి మీద ఒకరు విసురుకొనే చెండ్లాట మన పెళ్ళి వేడుకల్లో ఉండేది. తమిళ పెళ్ళిళ్ళ నలుంగులోనూ ఉంది. తమిళ పత్రికలు నేతలకు ఇచ్చే గుత్తిని పూచ్చెండు అంటాయి. మనం మాత్రం దాన్ని పుష్పగుచ్ఛం చేసి, పలకలేక బొకే అంటున్నాం. చేతిలో పట్టుకోవడం, విసరడం మనకూ తెలుసు. కాడలు పొడవుగా ఉంచి, రంగు కాగితం చుట్టి, శీతల గిడ్డంగి నుంచి తెచ్చిన పువ్వు వాడటమే కొత్త. బెంగళూరు దారిలోని హోసూరు, అదీ తెలుగు వినిపించే తమిళనాటి ఊరే, గాజుపట్టాల ఇళ్ళలో పెంచిన గులాబీలకు పేరుపొందింది. కార్నేషన్లు నీలగిరుల నుంచి వస్తాయి. అవి బాగుండవని కాదు. చలిప్రదేశపు పువ్వు రాజపాళయం ఎండలోకి రావాలంటే దారి పొడుగునా చలిని కొనాలి. ఆ చలి వెల గుత్తిలో కనబడదు, చీటీలో కనబడుతుంది.

తెల్ల గౌనూ పూలగుత్తీ ఇంగ్లీషువారి పెళ్ళికి గుర్తులని మనం అనుకునే ఆచారానికి ఊపునిచ్చిన విక్టోరియా రాణి సంగతి కూడా చెప్పాలి. 1840 ఫిబ్రవరి 10న జరిగిన పెళ్ళిలో ఆమె తల మీద వజ్రాల కిరీటం పెట్టుకోలేదు. నారింజపూల దండ చుట్టుకుంది. అంత సామ్రాజ్యం ఉన్న మనిషి తలకు నారింజపూలు చాలాయి.

ఇక వెల. ఇందులో అసలు కథంతా మాసానిది. గుండుమల్లె వేసవి పువ్వు. ఫాల్గుణం దాటితే విరగబూస్తుంది. చలి మొదలై మంచు పడితే పూత పడిపోతుంది. మార్గళి, తై మాసాల్లో, అంటే డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా, మొక్క దాదాపు నిద్రపోతుంది. తమిళనాట తెలుగువారు చాలామంది ముహూర్తాలు సౌరమాసాల ప్రకారమే చూస్తారు. మార్గళిలో పెళ్ళిళ్ళు చేయరు. తై పుడితే దారి పుడుతుందని తమిళ సామెత. నెల రోజులు ఆగిన పెళ్ళిళ్ళన్నీ తైలో ఒక్కసారిగా వచ్చిపడతాయి. పొంగలూ అప్పుడే. పువ్వు లేని నెలలో పువ్వు అడిగేవారు అందరికంటే ఎక్కువ. వేసవిలో కిలో వందల్లో ఉండే మల్లె తైలో వేలకు ఎక్కడంలో మాయ ఏమీ లేదు. 2013లో మదురై మల్లెకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పెరిగింది. మంచు మాత్రం చట్టానికి లొంగదు కదా.

మన పూర్వులు ఈ చిక్కును రెండు విధాల దాటారు. ఒకటి, ఆ నెలలో ఏది పూస్తే అది. జాజి వానకారు పువ్వు. నేలసంపెంగ ఏడాది పొడుగునా పూస్తుంది, అందుకే దండకు అదే ఒళ్ళయింది; గులాబి నగలాగా అక్కడక్కడా. కనకాంబరానికి వాసన లేదు, బరువు లేదు, కాని రెండు మూడు రోజులు వాడదు. కిలో వెల చూసి బెదిరిపోతారు. కిలోలో వేల పూలుంటాయని గుర్తుంచుకోరు. పిడికెడు చాలు, జడ ఎర్రబడుతుంది.

రెండోది ఆకు. కదంబం అన్న మాట రెండు భాషల్లోనూ ఉంది. పూలూ ఆకులూ కలిపి కట్టిన దండ. మల్లెల మధ్య మరువం, దవనం చేర్చడాన్ని నేటివారు పూలు మిగుల్చుకోవడానికి చేసే పిసినారితనం అనుకుంటున్నారు. అది వాసన తెలిసినవారి పని. మల్లె వాసన తీపి. గంటసేపటికి తలనొప్పి తెప్పిస్తుంది. దవనపు చేదు దాన్ని నిలబెడుతుంది. పచ్చదనం తెలుపును మరింత తెల్లగా చూపిస్తుంది. ఖర్చు తగ్గడం ఆ తర్వాతి లాభం. ఆ కట్టేది కూడా దారం కాదు, అరటినార. తడిపితే పూలకు చల్లదనం ఇస్తుంది. పూలతోపాటు నారకూ వాసన అన్న సామెత తమిళంలోనూ ఉంది. వాళ్ళ సామెతలో నార్ అన్న మాటకూ నారుం, అంటే వాసనవేసే, అన్న మాటకూ శ్లేష కుదిరింది. ఆ చమత్కారం మనకు దక్కలేదు.

ఆకు, చేయి కలిస్తే ఎంత దూరం పోవచ్చో తోవాళ చూపించింది. నాగర్‌కోయిల్ దాపున ఉన్న ఈ ఊరి పూలసంత ప్రసిద్ధం. అక్కడ గన్నేరు పూలను మడిచి, ఆకుపచ్చ చేర్చి, చాపలాగా చదునుగా అల్లే దండను మాణిక్కమాలై అంటారు. చూసేవారికి కెంపులు పొదిగినట్లుంటుంది. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గన్నేరు వాడ పక్కన పెరిగే చెట్టు. దాని పాలు విషం కాబట్టి పిల్లల చేతికి, పశువుల ముందుకు రాకుండా చూసుకోవాలి. చవకపువ్వు దండకు రాచ పేరు రావడం చేతిపని వల్లనే.

పందిరి విషయంలోనూ ఇదే. రాజపాళయం చుట్టూ కొబ్బరితోటలూ మామిడితోటలూ ఉన్నాయి. లేత కొబ్బరాకును ఇక్కడ కురుత్తోలై అంటారు. దాన్ని చీల్చి, మడిచి, చిలుకలుగా, జాలరులుగా అల్లి తోరణం కడతారు. లేత పసుపు రంగులో ఉండే ఆ తోరణం దీపం వెలుగులో ఎలా ఉంటుందో చూసినవారు గుడ్డపూల వేదికల జోలికి పోరు. అల్లేవారు మాత్రం తగ్గిపోతున్నారు. గుడి ఉత్సవాలకు అల్లే పెద్దవారు ఒకరిద్దరు ప్రతి ఊళ్ళోనూ ఇంకా ఉంటారు, అడిగితే పెళ్ళికీ వస్తారు.

ఈ ప్రాంతపు తెలుగువారిలో రాజకంబళ నాయకులది మరో పద్ధతి. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన ఏడు సంపుటాల గ్రంథంలో తొట్టియర్ అన్న పేరుతో వీరి పెళ్ళిని వర్ణించాడు. ఊరి పొలిమేర బయట పచ్చి కొమ్మలతో రెండు పందిళ్ళు, ఒకటి వధువుకు, ఒకటి వరుడికి. కూర్చోవడానికి ఎద్దు మీద వేసే జీను. థర్‌స్టన్ వంటివారి కులవర్ణనలను జాగ్రత్తగా చదవాలని మనం తరగతిలో చెప్పుకుంటూనే ఉన్నాం. అయినా ఈ వివరం విలువైనది. పశువులు తోలుకొని తిరిగిన జనానికి పెళ్ళి అలంకారం అంటే ఆ పూట విరిచిన కొమ్మ, తాము నడిపిన ఎద్దు జీను. బీదతనమని దానికి వారెవరూ సిగ్గుపడలేదు.

పూలదండకు చట్టంలో చోటు దొరికింది కూడా ఈ జిల్లా నేలతో సంబంధమున్న కథే. 1928లో అరుప్పుక్కోట్టై దగ్గరి సుక్కిలనత్తం గ్రామంలో పురోహితుడు లేకుండా ఆత్మగౌరవ వివాహం జరిగింది. ఆ ఉద్యమపు తొలి పెళ్ళిగా దాన్ని చెబుతారు. దండలు మార్చుకోవడమే అందులో ప్రధానం. తర్వాత అటువంటి పెళ్ళిళ్ళు వేలు జరిగాయి. 1953లో మద్రాసు హైకోర్టు అవి హిందూ న్యాయం ప్రకారం చెల్లవని తీర్పు చెప్పింది. వేల కుటుంబాల్లో పిల్లల హక్కులు, ఆస్తులు ప్రశ్నార్థకమయ్యాయి. చివరకు అన్నాదురై ప్రభుత్వం 1967లో హిందూ వివాహ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చింది. దాని ప్రకారం బంధువులో మిత్రులో ఎదుట ఉండగా, వధూవరులు ఒకరినొకరు భార్యాభర్తలుగా అంగీకరిస్తున్నామని తమకు అర్థమయ్యే ఏ భాషలోనైనా చెప్పవచ్చు. లేదా ఒకరికొకరు దండ వేసుకోవచ్చు, ఉంగరం తొడగవచ్చు, లేదా తాళి కట్టవచ్చు. వీటిలో ఏ ఒక్కటి జరిగినా పెళ్ళి చెల్లుతుంది. అందులో తెలుగుకూ చోటుంది, దండకూ చోటుంది. వేదిక గురించి ఒక్క మాట లేదు.

ఈ మాటలన్నీ ఆ అమ్మాయికి ఒక్కరోజులో చెప్పలేదు. కొంత తరగతిలో, కొంత వరండాలో. మల్లె లేకుండా పెళ్ళేమిటని వాళ్ళమ్మగారు ఒప్పుకోలేదట. అది న్యాయమే, ఒక తల్లికి తన పెళ్ళిలో తన తలలో ఏముందో గుర్తుంటుంది. చివరకు మల్లె జడ వరకే పరిమితమైంది, అదీ మూరల లెక్కన కాక శంకరన్‌కోవిల్ పూలసంత నుంచి తెల్లవారుజామున ఉదిరి తెచ్చి. ముందు రోజు రాత్రి పిన్నులూ అత్తలూ అరటినార తడుపుకొని కూర్చున్నారు. దండలు నేలసంపెంగతో, మధ్య మధ్య పన్నీరు రోజాలతో. గుమ్మానికి కురుత్తోలై. అప్పు చేయవలసిన అవసరం లేకపోయిందని మాత్రం చెప్పింది, ఎంత మిగిలిందో నేను అడగలేదు.

చేతిలో గుత్తి ఉండాలన్న అక్క కోరికను కూడా కాదనలేదు. దవనం, మరువం కాడలతో కట్టి, నడుమ నాలుగు కనకాంబరపు వెన్నులు పెట్టారు. ఆ గుత్తిని ఫోటోలో చూశాను. ఏమంటారు దీన్ని మీ ఇంట్లో అని అడిగాను. ఆ అమ్మాయి కొంచెం ఆలోచించి, "అమ్మమ్మ చెండు అంది సార్. మేము బొకే అన్నాం. పెళ్ళయ్యాక అందరూ చెండే అంటున్నారు" అంది.